చిన్న లేత్‌లో శాడిల్ కూర్చోవాలంటే



ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళల్లో లేత్ అంటే ఏమిటని అడిగేవాళ్ళు తక్కువ. తాతో, తండ్రో, మేనమామో ఎవరో ఒకరు వర్క్‌షాపులో టర్నరుగానో ఫిట్టరుగానో చేసినవాళ్ళే ఉంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే, మన పెద్దల నోట్లో బి.ఎన్.ఆర్., ఇక్కడ జంక్షను కట్టి కార్ఖానా పెట్టిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్ళు బండెక్కి వస్తూనే ఉన్నారు. మథురాకాటీలోనూ నింపురాలోనూ ఇప్పటికీ వీధిలో తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చిందంటే దానికి ఈ ఊరే పెద్ద కారణం.

ఇవాళ ఆ ఇళ్ళల్లో పిల్లలు ఎక్కువమంది కంప్యూటర్ల మీద పని చేస్తున్నారు. అయినా చేతిపని మీద మనసు పోలేదు. వరండాలో ఒక మూల బల్ల వేసుకుని, దాని మీద చిన్న లేత్ పెట్టుకుని, సెలవు రోజుల్లో బొమ్మ ఇంజన్లు, ఇత్తడి బుష్‌లు, సైకిలు విడిభాగాలు చేసుకుంటున్న కుర్రాళ్ళు ఉన్నారు. రిటైరైన పెద్దలూ ఉన్నారు. ఈ ప్రసంగం వాళ్ళ కోసం. చెప్పదలచుకున్నది ఒక్కటే: చిన్న లేత్‌లో శాడిల్ వదులైతే స్క్రూలు బిగించడం మందు కాదు. లోహం లోహం మీద నిండుగా ఆనాలి. ఆ ఆనికని చేత్తో తయారు చేసుకోవాలి. అది మన ఫిట్టర్లకి వెన్నతో పెట్టిన విద్య. వర్క్‌షాపు గేటు లోపలే అది ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ముందు శాడిల్ ఏం చేస్తుందో చూద్దాం. లేత్ బెడ్ మీద రెండు పట్టాలు ఉంటాయి. బల్ల మీద పెట్టుకునే ఏడంగుళాల చిన్న లేతుల్లో ముందు పట్టా తిరగేసిన వి ఆకారంలోనూ, వెనక పట్టా చదునుగానూ ఉంటాయి. ఈ రెండింటి మీద కూర్చుని ఎడమకీ కుడికీ నడిచేదే శాడిల్. దాని మీద క్రాస్ స్లైడ్, ఆపైన టూల్ పోస్టు. టూల్‌కి ఎంత నిలకడ ఉంటుందన్నది శాడిల్ ఎంత నిలకడగా కూర్చుందన్న దాన్ని బట్టే ఉంటుంది. శాడిల్ పైకి లేవకుండా బెడ్ అడుగున, ముందొకటి వెనకొకటి, రెండు ఇనప పట్టీలు ఉంటాయి. శాడిల్ కాళ్ళకి బోల్టుతో బిగించి ఉండి, వాటి పెదవి బెడ్ కిందికి వెళ్ళి పట్టుకుంటుంది. చాలామంది వాటిని వంగి చూడరు. రోగమంతా అక్కడే ఉంటుంది.

పైకి కనిపించే లక్షణాలు అందరికీ తెలిసినవే. కడ్డీని కోసి తుంచేటప్పుడు టూల్ గభాలున లోపలికి లాగేస్తుంది. నున్నగా రావలసిన చోట అలలు పడతాయి. లేత్ గొంతు చించుకుని అరుస్తుంది. వెంటనే మనం టూల్ పదును సరిగా లేదనుకుంటాం, స్పీడు తగ్గిస్తాం, బేరింగు పోయిందేమో అని హెడ్‌స్టాకు విప్పడానికి సిద్ధపడతాం. అంత దూరం పోనక్కరలేదు. ప్లగ్గు పీకేసి, మాగ్నెటిక్ స్టాండుని బెడ్ మీద నిలబెట్టి, డయల్ గేజి ముక్కుని శాడిల్ వెనక మూల మీద ఆనించండి. టూల్ పోస్టుని చేత్తో పట్టుకుని మీ వైపు లాగుతూ పైకి ఎత్తండి. ముల్లు ఎంత కదిలిందో చూడండి. 0.02 మిల్లీమీటరు లోపు కదిలితే మీ శాడిల్ ఆరోగ్యంగా ఉంది. 0.1 దాటిందంటే ఇక వేరే ఏదీ వెతకొద్దు. నాలుగు మూలల దగ్గరా ఇదే పరీక్ష చెయ్యండి. ముందు మూలల కంటే వెనక మూలలు ఎక్కువ లేస్తాయి. కారణం ఉంది. కడ్డీ టూల్‌ని కిందికి నొక్కడంతో పాటు మనిషి వైపుకి కూడా తోస్తుంది. ఆ తోపుడు బెడ్ కన్నా ఎత్తులో పడుతుంది కాబట్టి శాడిల్ ముందుకి ఒరిగి వెనక లేవాలని చూస్తుంది. దాన్ని ఆపవలసింది వెనక పట్టీ. అందుకే నేను ఎప్పుడూ వెనక పట్టీ దగ్గరే మొదలుపెడతాను.

మా వీధిలో కుర్రవాడొకడు ఇలాంటి లేతే కొనుక్కున్నాడు. ఒక సాయంత్రం వచ్చి, "బాబాయ్, కింద స్క్రూలు ఎంత బిగించినా అంతే. కాస్త బిగిస్తే శాడిల్ కదలదు, కాస్త వదిలితే ఊగుతుంది. మధ్యలో సరైన చోటంటూ లేదు," అన్నాడు. "పట్టీ ఊడదీసి చూశావురా?" అన్నాను. లేదన్నాడు. ఇద్దరం కలిసి ఊడదీశాం. బెడ్ అడుగు ముఖానికి నీలం రంగు, మన షాపుల్లో బ్లూ అనేది, వేలితో పల్చగా రాసి, పట్టీని యథాప్రకారం బిగించి, శాడిల్‌ని అటూ ఇటూ కొద్దిగా నడిపి, మళ్ళీ విప్పాం. పట్టీ పెదవి వేలెడు వెడల్పుంది. దాని మీద రంగు అంటింది అంచున ఒకే ఒక గీత, సన్నటి దారమంత. మిగతా పెదవంతా పొడిగా తెల్లగా ఉంది. అంటే ఆ శాడిల్ మొత్తాన్ని పట్టుకున్నది ఆ దారమే. కుర్రవాడు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకేం అడగలేదు.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ చిన్న లేతుల్లో పట్టీని సర్దడానికి రెండు రకాల స్క్రూలు పెడతారు. కొన్ని పట్టీని శాడిల్ వైపు లాగుతాయి. కొన్ని దూరంగా తోస్తాయి. శాడిల్ కాలికీ పట్టీకీ మధ్య కొంత ఖాళీ వదిలి, ఈ లాగుడు తోపుడుల మధ్య పట్టీని వేలాడదీస్తారు. ఫ్యాక్టరీకి అది సులువు, ప్రతి ముక్కా కొలత పెట్టి చెయ్యనక్కరలేదు. కానీ పట్టీ ఒక పక్కనే బిగించి ఉంటుంది. రెండో పక్క, అంటే పెదవి పక్క, గాలిలో ఉంటుంది. స్క్రూ తిప్పిన కొద్దీ పట్టీ సమంగా పైకి రాదు, ఒరుగుతుంది. ఒరిగినది అంచు మీదే ఆనుతుంది. అంచు మీద ఆనినది త్వరగా అరుగుతుంది. అరిగాక మళ్ళీ వదులు, మళ్ళీ బిగింపు. కుర్రవాడు చెప్పిన 'సరైన చోటు లేకపోవడం' అదే.

దీనికి విరుగుడు ఆ ఖాళీని నింపెయ్యడం. తోసే స్క్రూలని పూర్తిగా వెనక్కి తియ్యండి. పట్టీ పెదవి పొడుగునా బెడ్‌ని తాకేదాకా, లాగే స్క్రూలని కొద్దికొద్దిగా, వంతులవారీగా బిగించండి. ఇప్పుడు శాడిల్ కాలికీ పట్టీకీ మధ్య ఎంత సందు మిగిలిందో ఫీలర్ గేజితో రెండు చివర్లా కొలవండి. ఒక చివర ఎక్కువ, ఒక చివర తక్కువ వస్తే ఆశ్చర్యపోవద్దు. చవక లేతుల్లో బెడ్ అడుగు ముఖం పై ముఖానికి సమాంతరంగా ఉండదు, ఒక్కోసారి పోత పోసిన గరుకు కూడా పూర్తిగా పోదు. ఆ గరుకుని ముందు సన్నటి ఆకురాయితో తియ్యండి. వచ్చిన కొలతకి 0.02 మిల్లీమీటరు కలిపి, అంత మందం ఇత్తడి లేదా స్టీలు షిమ్ కత్తిరించి, కాలి పొడుగంతా పరిచి, బోల్టులకి చిల్లులు వేసి, పట్టీని ఇక గట్టిగా, మొహమాటం లేకుండా బిగించండి. కుంటి పీట కాలి కింద అట్టముక్క పెట్టి సర్దినట్టే ఇదీను, కాకపోతే ఇక్కడ అట్టముక్కని మైక్రోమీటరుతో కొలుస్తాం. ఇప్పుడు పట్టీ వేలాడటం లేదు. శాడిల్‌తో ఏకమైపోయింది. ఒరగడానికి దానికి చోటు లేదు. కదలిక ఇంకా ఎక్కువనిపిస్తే పల్చటి షిమ్, బిర్రుగా ఉంటే కాస్త మందం. మార్చవలసింది స్క్రూ బిగువు కాదు, షిమ్ మందం.

ఈ కొలతంతా ఎక్కడ తియ్యాలన్నది ముఖ్యం. చక్ దగ్గర తియ్యకూడదు. పని ఎక్కువగా జరిగేది చక్ పక్కనే కాబట్టి బెడ్ అక్కడ ముందుగా అరుగుతుంది. అరిగిన చోట సరిపెడితే టెయిల్‌స్టాకు వైపు వెళ్ళేసరికి శాడిల్ బిగుసుకుపోతుంది. అందుకని అరగని చోట, టెయిల్‌స్టాకు చివర, సరిపెట్టాలి. చక్ దగ్గర ఆ మేరకు వదులు మిగులుతుంది. అది బెడ్ రోగం, పట్టీతో నయం కాదు. పట్టాల మీద నూనె ఉండగానే సరిపెట్టాలన్న సంగతి కూడా మరిచిపోవద్దు. పొడిగా ఉన్నప్పుడు చక్కగా నడిచిన శాడిల్, నూనె పొర చేరగానే బరువెక్కుతుంది.

చాలామందికి ఇంతటితో పని అయిపోతుంది. తుంచే టూల్ లాగదు, అరుపు తగ్గుతుంది. కానీ పట్టీ సరిచేశాక కూడా శాడిల్ పక్కకి తిరుగుతోందంటే, అంటే రెండు చివరలూ పట్టుకుని ఎడమకీ కుడికీ మెలితిప్పితే గేజి ముల్లు కదులుతోందంటే, శాడిల్ అడుగునున్న వి గాడి పట్టా మీద సరిగా ఆనడం లేదన్నమాట. ఇక్కడే స్క్రేపరు చేతికి రావాలి.

స్క్రేపింగు గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, అది నాకు ఇష్టమైన పని. పంతొమ్మిదో శతాబ్దంలో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, పలకల మధ్య ఎమరీ పొడి వేసి రుద్ది రుద్ది చదును చెయ్యడం తప్పుడు పద్ధతనీ, ఎత్తుగా ఉన్న చుక్కలని మాత్రమే చూసి గీకి తియ్యాలనీ వాదించాడు. ఆయన అంతకు ముందు హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పని నేర్చుకున్నవాడు. మూడు పలకలు తీసుకుని ఒకదానితో ఒకటి, మార్చి మార్చి, రంగు పెట్టి సరిపోలుస్తూ పోతే మూడూ చదునుకి వచ్చి తీరతాయి. రెండే పలకలైతే ఒకటి గుంట, ఒకటి గుబ్బ అయి కూడా జత కుదరొచ్చు. మూడోది వచ్చేసరికి ఆ మోసం సాగదు. ఎక్కడా కొలతబద్ద లేకుండా, కేవలం పోలికతో, చదును అనేది పుట్టడం నాకు ఇప్పటికీ గొప్పగానే తోస్తుంది.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్ల కాలంలో ఈ పనే నిత్యపూజ. యాక్సిల్ బాక్సు బ్రాసులూ కనెక్టింగ్ రాడ్ల బ్రాసులూ అన్నీ జర్నలుకి, అంటే బేరింగులో తిరిగే ఇరుసు భాగానికి, రంగు పూసి, బేరింగుని ఆనించి తిప్పి, అంటిన చోట గీకి, మళ్ళీ ఆనించి చూసి కుదిర్చినవే. రంగు ఒక మూల మాత్రమే అంటిన బ్రాసుని బండికెక్కిస్తే దారిలో వేడెక్కి కాలిపోతుంది. బి.ఎన్.ఆర్. వాడిన పెద్ద గారట్ ఇంజన్లలో 811 నంబరుదాన్ని 2006లో ఇక్కడి వర్క్‌షాపువాళ్ళు మళ్ళీ ఆవిరి మీద నడిపించారు. పాత చేతిపని తెలిసినవాళ్ళు లేకుండా అటువంటి ఇంజను కదలదు. మీ బల్ల మీద లేత్‌కీ ఆ ఇంజనుకీ బరువులో పోలికే లేదు గానీ, రంగు చెప్పే మాట మాత్రం రెండిటికీ ఒకటే.

సరే, శాడిల్ సంగతికి వద్దాం. క్రాస్ స్లైడ్, శాడిల్ ముందు వేలాడే ఏప్రన్ విప్పేసి శాడిల్‌ని ఒంటరిగా చేసుకోండి. కిరసనాయిలుతో కడిగి ఆరనివ్వండి. బెడ్‌కి పల్చగా, అద్దం మీద ఊదిన ఆవిరంత పల్చగా, బ్లూ రాయండి. మందంగా రాస్తే అది లోతుల్లోకి కూడా అంటి అబద్ధం చెబుతుంది. శాడిల్‌ని దించి, రెండంగుళాలు నడిపి, నిట్టనిలువుగా పైకెత్తండి. వాడిన శాడిల్ అయితే సాధారణంగా మధ్యలో రంగు గట్టిగా అంటి, చివరలు ఖాళీగా ఉంటాయి. చివరలు ముందుగా అరుగుతాయి కాబట్టి అది నడుం మీద ఊగే దోనెలా తయారవుతుంది. అంటిన చుక్కలని మాత్రమే స్క్రేపరుతో గీకండి. ఒక దఫా ఒక దిక్కున, మరో దఫా దానికి అడ్డంగా. తుడిచి, రంగు పెట్టి, మళ్ళీ చూడండి. మొదట్లో రెండు మూడు పెద్ద మచ్చలే ఉంటాయి. పోనుపోను అవి విడిపోయి చిన్న చుక్కలవుతాయి. చదరపు అంగుళానికి పది పన్నెండు చుక్కలు, చివర్ల దాకా పరుచుకుంటే ఇంట్లో లేత్‌కి చాలు. పాత చదును ఆకురాయి చివరని గ్రైండింగు రాయి మీద పదును పెట్టుకుంటే స్క్రేపరు తయారు. కార్బైడు ముక్క అతికించుకుంటే ఇంకా మంచిది.

రెండు హెచ్చరికలు చెయ్యాలి. ఎమరీ పొడి రాసి శాడిల్‌ని బెడ్ మీద రుద్దితే త్వరగా కూర్చుంటుందని కొందరు చెబుతారు. దయచేసి చెయ్యకండి. పోత ఇనుములో ఆ రేణువులు దిగబడిపోయి, లేత్ నడిచినన్నాళ్ళూ బెడ్‌ని తింటూనే ఉంటాయి. రెండోది, గీకుతున్నప్పుడు శాడిల్ అడ్డంగా తిరిగిపోకుండా చూసుకోవాలి. క్రాస్ స్లైడ్ నడక చక్ ఇరుసుకి లంబంగా ఉండాలి. ఎటైనా ఒక వెంట్రుకవాసి తప్పితే, ఫేసింగు చేసిన ముఖం మధ్యలో లోతు పడే వైపే తప్పాలి గానీ ఉబ్బే వైపు తప్పకూడదు. జర్మన్ ప్రొఫెసరు గియోర్గ్ ష్లెసింగర్ 1927లో యంత్రాల పరీక్ష మీద రాసిన పుస్తకంలోనూ ఈ నియమం ఉంది. ఉబ్బిన ముఖాన్ని మరో చదును ముఖానికి ఆనిస్తే అది బొంగరంలా తిరుగుతుంది. కొద్దిగా లోతున్నది అంచు మీద స్థిరంగా కూర్చుంటుంది.

ఎక్కడి తప్పుకి ఎంత భయపడాలో కూడా తెలిసుండాలి. 20 మిల్లీమీటర్ల కడ్డీ మీద టూల్ కిందికి 0.1 మిల్లీమీటరు జారిందనుకోండి, కడ్డీ వ్యాసంలో వచ్చే తేడా 0.001 మాత్రమే. అదే టూల్ పక్కకి, అంటే కడ్డీకి దూరంగా, 0.1 జరిగితే వ్యాసంలో 0.2 తేడా. రెండు వందల రెట్లు! కాబట్టి శాడిల్ ఎత్తు పల్లాల కంటే అడ్డంగా కదలడం మీద శ్రద్ధ పెట్టండి. వి పట్టా ఒక వాలు ఎక్కువగా అరిగితే శాడిల్ కిందికి దిగుతూనే పక్కకి కూడా జరుగుతుంది. అందుకే ఆ వాలు మీద రంగు ఎలా అంటిందో జాగ్రత్తగా చూడమంటాను.

ఇంగ్లండులో మైఫోర్డ్ కంపెనీ చేసిన ఎం.ఎల్.7 అనే చిన్న లేత్ ఇంట్లో పని చేసుకునేవాళ్ళ మధ్య పేరున్నది. దానికి వి లేదు, రెండూ చదును పట్టాలే. మొదట్లో శాడిల్ ముందు పట్టా రెండు పక్క ముఖాలని పట్టుకునే నడిచేది. అవి అరిగాక యజమానులు ఒక ఉపాయం చేశారు. వెనక పట్టా వెలుపలి ముఖం ఎప్పుడూ ఎవరూ తాకనిది, కొత్తగా ఉన్నట్టే ఉంది. శాడిల్‌కి ఒక పట్టీ అమర్చి దాన్ని ఆ ముఖం మీద ఆనించారు. బెడ్‌ని గ్రైండింగుకి పంపకుండానే లేత్ మళ్ళీ తిన్నగా నడిచింది. కంపెనీ కూడా తర్వాతి లేతుల్లో అదే పద్ధతికి మారింది. మన లేత్ వేరే రకమైనా, అరగని ముఖం ఎక్కడుందో ముందు వెతుక్కోవడమన్నది మనకీ పనికొచ్చే ఆలోచన.

ఈ ఊరి సంగతి ఒకటి విడిగా చెప్పాలి. మనది ఎర్ర రాతి నేల. ఎండాకాలం వీధిలో లేచే ఎర్ర ధూళి కిటికీలోంచి వచ్చి నూనె పట్టాల మీద కూర్చుంటుంది. అది నూనెతో కలిసి రాపిడి ముద్దవుతుంది. శాడిల్ నాలుగు చివరలా పట్టాకి ఆనేలా ఫెల్టు ముక్కలు బిగించుకోండి, నూనెలో తడిపి. వానాకాలంలో గాలి తేమకి బెడ్ రెండు రోజుల్లో తుప్పు మచ్చలెక్కుతుంది. పని అవగానే తుడిచి, 68 గ్రేడు స్లైడ్‌వే నూనె రాసి కప్పెయ్యాలి. చక్‌లో తిరుగుతున్న ముక్కని ఎమరీ కాగితంతో మెరుగు పెట్టేటప్పుడు బెడ్ మీద అట్టముక్క పరవండి. గుడ్డ మాత్రం వద్దు, చక్ దాన్ని చుట్టుకుంటే దాంతో పాటు చెయ్యీ పోతుంది.

చివరిగా, గీకుడు ఎక్కువైతే శాడిల్ కొద్దిగా కిందికి దిగుతుంది. దాంతో పాటు ఏప్రన్ దిగి, అందులోని హాఫ్ నట్టు, శాడిల్‌ని నడిపే లీడ్ స్క్రూ మీద వంకరగా పడుతుంది, మర తీసేటప్పుడు బరువుగా పట్టేస్తుంది. తిరిగి బిగించే ముందు ఏప్రన్‌కీ శాడిల్‌కీ మధ్య బోల్టులు వదులు చేసి, హాఫ్ నట్టుని లీడ్ స్క్రూ మీద మూసి, అది తన చోటు తాను వెతుక్కున్నాక అప్పుడు బోల్టులు బిగించండి. కిందికి దిగింది మరీ ఎక్కువైతే లీడ్ స్క్రూ బ్రాకెట్లని ఆ మేరకు దించాలి. ఆ తర్వాత బ్లూతో పట్టీలని మరొకసారి చూడండి. శాడిల్ ఎత్తు మారింది కాబట్టి షిమ్ మందం కూడా మార్చవలసి ఉంటుంది.